‘ట్రై చేస్తా’ అంటే వస్తున్నట్టా, రానట్టా?

‘ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అని మనకొక సామెత ఉంది. ఇంకా జరగని పని గురించి మనుషులు ఎంత ముందే మాట్లాడేసుకుంటారో చెప్పడానికి పెద్దవాళ్లు దీన్ని వాడతారు. నిజానికి జరగని పనుల గురించి మాట్లాడకుండా ఎవరికీ రోజు గడవదు. ఆదివారం ఎక్కడికి పోవాలి, సంక్రాంతికి ఊరికి వెళ్లాలా వద్దా, పదో తరగతి అయ్యాక సైన్స్ తీసుకోవాలా కామర్స్ తీసుకోవాలా, ఇవన్నీ ఇంకా తేలని సంగతులే. ఇలాంటి తేలని సంగతులు చెప్పేటప్పుడు బెంగళూరు తెలుగువాళ్లం ఏ మాటలు వాడుతున్నాం, అవి సరిగ్గా పని చేస్తున్నాయా లేదా అన్నది ఈ వ్యాసం విషయం.

మన ఇళ్లల్లో వినిపించే మాటలు కొన్ని చూడండి. ‘మోస్ట్లీ వస్తాం అత్తా.’ ‘మేబీ సండే అవ్వొచ్చు.’ ‘ట్రై చేస్తా బావా.’ ‘లెట్స్ సీ.’ ‘సమ్మర్‌లో ఊటీ ప్లాన్ ఉంది.’ ‘ఇల్లు మారదామని థింకింగ్‌లో ఉన్నాం.’ ‘టెంటేటివ్‌గా డేట్ అనుకున్నాం, ఇంకా కన్ఫర్మ్ కాలేదు.’ వీటిలో ఒక విశేషం ఉంది. అత్త, బావ, ఇల్లు, ఊరు తెలుగులోనే ఉన్నాయి. కోపం వస్తే తిట్టేది కూడా తెలుగులోనే. అనుమానం, ఆలోచన, ఇంకా తేలలేదు అనే భావం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంగ్లీషు దిగుతుంది. వాక్యంలో సరిగ్గా అదే చోట ఎందుకు దిగుతుంది?

ముందే ఒక మాట చెప్పుకోవాలి. వేరే భాష మాట వాడటమే తప్పు అని నేను అనడం లేదు. అలా అంటే మన తెలుగులో చాలా మాటలు మిగలవు. సి.పి. బ్రౌన్ తన తెలుగు నిఘంటువుతో పాటు, తెలుగులో కలిసిపోయిన అన్యభాషా పదాల కోసం 1854లో విడిగా ఒక నిఘంటువే వేశాడు. అంటే 170 ఏళ్ల కిందటే మన భాషలో అన్ని పరాయి మాటలు ఉన్నాయన్న మాట. ఇంకో తమాషా ఏమిటంటే, పని తేలిపోయింది అని చెప్పడానికి ఈరోజు మనం వాడే మాటలు చాలావరకు ఉర్దూ, హిందీల దారిలో వచ్చినవే. పెళ్లి ‘ఖరారు’ అయింది, సీటు ‘ఖాయం’, మాట ‘పక్కా’, నాయకుడు ఇచ్చిన ‘హామీ’, ఇవేవీ అచ్చ తెలుగు మాటలు కావు. ‘బహుశా’ సంస్కృతం నుంచి వచ్చింది. ‘అందాజుగా’ పారశీకం నుంచి వచ్చింది. కాబట్టి ఇంగ్లీషు కూడా రావచ్చు. వచ్చిన మాట మన వాక్యంలో పని చేస్తే దాన్ని ఉంచుకోవాలి. అడగాల్సిన ప్రశ్న, పని చేస్తోందా అని.

ఈ మాటలు మనకు ఎక్కడి నుంచి వచ్చాయో ఆలోచిస్తే రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి ఆఫీసు. బెంగళూరులో మన అమ్మానాన్నల్లో చాలామంది పని చేసేచోట తెలుగు, కన్నడ, తమిళం, హిందీ మాట్లాడేవాళ్లు ఒకే గదిలో ఉంటారు. వాళ్ల మధ్య పనులకు తేదీలు అనుకునేది ఇంగ్లీషులోనే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ‘టెంటేటివ్’, ‘ప్రాబబ్లీ’, ‘లెట్ మీ చెక్’ అని మాట్లాడి ఇంటికొచ్చిన మనిషి, చెప్పులు విప్పినంత సులభంగా వాటిని గుమ్మం బయట విప్పలేడు. రెండో దారి రైలు. ఊరికి పోయే టికెట్ మన సెలవుల్ని నిర్ణయిస్తుంది. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంతకు ముందు 120 రోజులు ఉండేది. సంక్రాంతి, దసరా రోజుల్లో యశ్వంతపురం నుంచో, బైయప్పనహళ్లి కొత్త స్టేషన్ నుంచో బయల్దేరే బండ్లకు టికెట్ దొరకడం ఎంత కష్టమో మనకు తెలుసు. వెయిటింగ్ లిస్టు, ఆర్‌ఏసీ, కన్ఫర్మ్ అనే మూడు మెట్లు రైలువాళ్లు పెట్టినవే. అవి టికెట్ మీద నుంచి దిగి మన మాటల్లోకి ఎక్కాయి. ‘పెళ్లికి వస్తున్నావా?’ అంటే ‘ఇంకా వెయిటింగ్ లిస్టులోనే ఉన్నా’ అని మా మామయ్య నవ్వుతూ అంటాడు. అది చక్కటి మాట. టికెట్ అనుభవం ఉన్న ప్రతి ఒక్కరికీ వెంటనే అర్థమవుతుంది. ఇలాంటి వాడకాన్ని నేను మెచ్చుకుంటాను.

ఇప్పుడు తెలుగు వైపు చూద్దాం. వ్యాకరణంలో భూత, భవిష్యత్, వర్తమాన కాలాలతో పాటు తద్ధర్మం అని కూడా చదువుకున్నాం. మామూలు మాటల్లో ‘వస్తాను’ అంటే రోజూ వస్తాను అనీ అవుతుంది, రేపు వస్తాను అనీ అవుతుంది. ‘రోజూ ఈ బస్సులోనే వస్తాను’, ‘రేపు నీతో వస్తాను’. రెండింటికీ ఒకే రూపం. అందుకని ఏమీ చేర్చకుండా ఒట్టి ‘వస్తాను’ అంటే మాట ఇచ్చినట్టే. మాట ఇవ్వకుండా చెప్పాలంటే క్రియ చివర ఏదో ఒకటి చేర్చాలి. ఆ చేర్చేవి మన భాషలో ఎన్ని ఉన్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా?

‘రావాలని ఉంది’ అంటే కోరిక మాత్రమే, ఇంకా ఆలోచన మొదలుకాలేదు. ‘వద్దామనుకుంటున్నా’ అంటే ఆలోచన మొదలైంది, రావడం వైపే మొగ్గుతోంది. ‘కుదిరితే వస్తా’ అంటే మనసుకు ఇష్టమే, అడ్డం బయట ఉంది. ‘రావచ్చు’ అంటే అవకాశం ఉంది, అంతకు మించి చెప్పను. ‘వస్తానేమో’ అంటే నా సంగతి నాకే సరిగ్గా తెలియదు. ‘వచ్చినా వస్తా’ అంటే రానని గట్టిగా అనుకోవద్దు, హఠాత్తుగా ప్రత్యక్షం కావచ్చు. ‘వస్తే వస్తా, లేకుంటే లేదు’ అంటే నాకోసం ఏమీ ఆపొద్దు. ‘వస్తాలే’ అంటే నువ్వు బెంగపడొద్దు. ఇంకొకరి గురించి చెప్పాలంటే ‘వస్తాడేమో’, ‘వస్తాడో రాడో’, ‘వస్తాడట’. చివరిదానిలో ఆ ఒక్క ‘అట’తో, ఇది నేను విన్న మాటే గానీ నా పూచీ లేదు అని చెప్పేశాం. ఇన్ని మెట్లు ఎక్కి దిగడానికి మనకు విడిగా కొత్త మాట ఒక్కటి కూడా అక్కర్లేదు, ఉన్న క్రియ తోకే చాలు.

అలాగని ఇంగ్లీషుకు ఈ శక్తి లేదనుకుంటే పొరపాటు. ఇంగ్లీషు టీచర్ మనకు ‘మే’, ‘మైట్’, ‘వుడ్ లైక్ టు’, ‘థింకింగ్ ఆఫ్’, ‘ప్లానింగ్ టు’, ‘గోయింగ్ టు’ అని వరుసగా నేర్పిస్తారు. బాగా వచ్చినవాళ్లు వాటిని వేర్వేరు చోట్ల, వేర్వేరు బరువులతో వాడతారు. మనం మాత్రం ఆ పెద్ద పెట్టెలోంచి మూడు నాలుగు మాటలే తీసుకొచ్చి, అన్ని పనులకూ వాటినే వాడుతున్నాం. ఇటు తెలుగు మెట్లూ వాడటం లేదు, అటు ఇంగ్లీషు మెట్లూ వాడటం లేదు. నా విమర్శ ముఖ్యంగా దీని మీదే.

ఒక్కో మాటనూ విడిగా చూద్దాం. ‘మోస్ట్లీ’ అంటే ఇంగ్లీషులో ఎక్కువ భాగం, చాలావరకు అని అర్థం. మన క్లాసులో మోస్ట్లీ అమ్మాయిలే అంటే సరైన వాడకం. మనం ‘మోస్ట్లీ వస్తా’ అంటున్నది దాదాపు ఖాయంగా వస్తా అనే అర్థంలో. అంటే మాట ఇంగ్లీషుది, అర్థం మనం పెట్టుకున్నది. మన దేశంలో చాలామంది ఇలాగే వాడతారు కాబట్టి మన మధ్య ఇబ్బంది లేదు. కానీ అందులో ఎంత నమ్మకం ఉందో అన్నవాళ్లకూ తెలియదు, విన్నవాళ్లకూ తెలియదు. నూటికి తొంభై పాళ్లు అని ఒకరు అనుకుంటారు, సగం సగం అని ఇంకొకరు అనుకుంటారు. భోజనానికి ఎన్ని గ్లాసుల బియ్యం పొయ్యాలో తేల్చుకోవాల్సిన అమ్మకు ‘మోస్ట్లీ’ ఏమీ చెప్పదు.

‘ట్రై చేస్తా’ ఇంకా చిత్రమైనది. ప్రయత్నం అంటే కష్టపడటం. కానీ ‘నీ బర్త్‌డేకి ట్రై చేస్తా’ అన్నవాళ్లు ఏం ప్రయత్నం చేస్తారు? చాలాసార్లు ఏమీ చేయరు. అది మర్యాదగా చెప్పిన ‘రాను’. వినేవాళ్లకు కూడా లోపల తెలుసు. అయినా ఒక కుర్చీ, ఒక కేకు ముక్క అట్టిపెడతారు. ‘రాలేనురా, ఏమీ అనుకోకు’ అని ఒక్క మాట అంటే ఆ కుర్చీ ఇంకొకరికి పనికొచ్చేది.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ‘ప్లాన్’. మాది మదనపల్లె వైపు. పోయిన దసరా ముందు తాత ఫోన్ చేసి ‘పండక్కి వస్తా ఉండారా?’ అని అడిగాడు. నాన్న ‘ప్లాన్ చేస్తా ఉండాం నాయనా’ అన్నాడు. నాన్న మనసులో అది కోరిక. సెలవు దొరకాలి, టికెట్ దొరకాలి, చెల్లి పరీక్షలు అయిపోవాలి. తాతకు ‘ప్లాన్’ అంటే మేస్త్రీ ఇంటికి గీసే ప్లాను. ప్లాన్ గీశారంటే ఇల్లు కట్టడం మొదలైనట్టే. ఆయన పరుపులు ఎండేయించాడు, అవ్వ నిప్పట్లకు పిండి కొట్టించింది. మేము పోలేదు. నాన్న అబద్ధం ఆడలేదు, తాత తప్పుగానూ వినలేదు. ఇద్దరి మధ్యా ఉన్న ఒక్క మాట ఇద్దరికీ వేర్వేరు బరువుతో ఉంది. ‘రావాలని ఉంది నాయనా, లీవు దొరికితే వస్తాం’ అని ఉంటే అవ్వ పిండి కొట్టించేముందు ఇంకో ఫోను చేసేది. తేలని సంగతి చెప్పే మాటల్లో తేడా వస్తే ఎవరికి నష్టమో ఇక్కడ తెలుస్తుంది. ఎప్పుడూ ఎదురు చూసేవాళ్లకే.

మరి ఇంత తేడా ఉన్నా మనం ఇవే మాటలు ఎందుకు వాడుతున్నాం? సోమరితనం అని ఒక్క మాటలో కొట్టేస్తే న్యాయం కాదు. నాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి.

మొదటిది మర్యాద. తెలుగులో ఎవరినైనా వస్తున్నారా అని అడగాలంటే ముందు ‘నువ్వు’ అనాలా ‘మీరు’ అనాలా తేల్చుకోవాలి. క్రియ చివర అది కనిపించి తీరుతుంది. అపార్ట్‌మెంటులో కొత్తగా పరిచయమైన అన్నయ్యను ‘వస్తావా’ అంటే చనువెక్కువ, ‘వస్తారా’ అంటే దూరం. ‘వీకెండ్ ఏంటి ప్లాన్?’ అంటే ఆ చిక్కే లేదు. అందులో క్రియే లేదు కాబట్టి నువ్వూ లేదు, మీరూ లేదు. ఇది ఆ మాటకున్న నిజమైన సుగుణం. ఒప్పుకోవాలి.

రెండోది యాస. ఇది మన బడిలో అందరికీ తెలిసిన సంగతే, పైకి చెప్పుకోం. ఒకే బెంచీలో కోలారు, చిత్తూరు, అనంతపురం, నెల్లూరు, కరీంనగర్ పిల్లలు కూర్చుంటారు. ఒకరు ‘పోదామని ఉండా’ అంటారు, ఒకరు ‘వెళ్దామనుకుంటున్నా’ అంటారు, ఒకరు ‘పోదామనుకుంటున్న’ అంటారు. నోరు తెరిచి క్రియ చివరి దాకా వెళ్తే చాలు, ఊరు బయటపడుతుంది. బయటపడితే ఎవరో ఒకరు నవ్వుతారు. ‘మేబీ’ అంటే ఎవరి ఊరూ బయటపడదు. సందేహాన్ని క్రియ చివర దాచుకునే భాష మనది. యాస కూడా అక్కడే ఉంటుంది. కాబట్టి యాస దాచుకోవాలనుకున్నవాళ్లు ముందుగా వదులుకునేది ఈ సందేహపు మాటల్నే.

గురజాడ అప్పారావు గారి ‘కన్యాశుల్కం’లో గిరీశం కూడా తెలుగులో ఇంగ్లీషు కలిపి మాట్లాడతాడు. ఆ నాటకం మొదట 1892లో ఆడారు, 1897లో అచ్చయింది. మనల్ని చూసి ‘గిరీశంలా మాట్లాడుతున్నారు’ అని పెద్దవాళ్లు వెక్కిరిస్తుంటారు. ఆ పోలిక నాకు సరిపోయిందని అనిపించదు. గిరీశం ఇంగ్లీషు నలుగురికీ చూపించుకోవడానికి. తనకు అది వచ్చని ఎదుటివాళ్లు నోరు తెరవాలి. మన ‘మేబీ’ విని ఎవరూ నోరు తెరవరు. మనం దాక్కోవడానికి వాడుతున్నాం. దాక్కునేవాడిని వెక్కిరిస్తే ఇంకా లోపలికి పోతాడు గానీ బయటికి రాడు.

మూడో కారణం తప్పించుకోవడం. ఇది మాత్రం ఇంగ్లీషు నేర్పింది కాదు. పండక్కి కొత్త సైకిల్ అడిగితే నాన్న ‘చూద్దాంలే’ అన్నాడంటే దాని అర్థం ఏమిటో తెలియని తెలుగు పిల్లలు ఉండరు. ‘గోడ మీద పిల్లి’ అనీ, ‘మీనమేషాలు లెక్కపెట్టడం’ అనీ మనకు నుడికారాలే ఉన్నాయి. కాబట్టి తెలుగులో మాట్లాడితే అందరూ నిజాయితీపరులవుతారని నేను అనను. తేడా ఒక్కటే. ‘చూద్దాంలే’ అన్నప్పుడు ఆ ‘లే’ని పట్టుకుని ‘లే ఏంటి నాన్నా, కొంటావా కొనవా?’ అని నిలదీయవచ్చు. ‘లెట్స్ సీ’ని పట్టుకోవడానికి పిడి ఉండదు.

మన ఊళ్లో ఉన్నవాళ్లకు ఇంకో లాభం ఉంది, దాన్ని మనం గమనించడం లేదు. పక్కింటి కన్నడ ఆంటీ ‘హోగోణ అంత ఇద్దీని’ అంటుంది. కింద అంగడి తమిళ అన్న ‘పోగలామ్ను ఇరుక్కేన్’ అంటాడు. మాట మాటకూ విడదీసి చూడండి. ‘పోదామని ఉన్నాను’ అనే మూడు భాషల్లోనూ ఉంది. కోలారు, చిత్తూరు పిల్లల ‘పోదామని ఉండా’ అచ్చంగా ఇదే. కన్నడలో ‘బరబహుదు’ అంటే మన ‘రావచ్చు’. ‘బర్తానేనో’ అంటే మన ‘వస్తాడేమో’. ‘నోడోణ’ అంటే ‘చూద్దాం’. సందేహాన్ని క్రియ తోకలో పెట్టడం ఈ దక్షిణాది భాషల ఉమ్మడి అలవాటు. అంటే మన బెంచీలో ఎవరైనా ‘ఉండా’ అంటే నవ్వుతున్నామే, ఆ రూపానికి పక్క ఇళ్లల్లో రెండు భాషల తోడు ఉంది. బెంగళూరులో ఉన్నందుకు ‘మేబీ’ తప్పదని అనుకుంటాం గానీ, బెంగళూరులో ఉన్నందుకే ‘పోదామని ఉండా’ మరింత సులభం కావాలి.

తెలుగు వాడండి అని చెప్పేవాళ్ల తప్పు కూడా కొంత ఉంది. ‘టెంటేటివ్’కు బదులు ‘తాత్కాలిక’ అని రాస్తుంటారు. కన్నడంలో పరీక్షల టైం టేబుల్ ముందుగా వదిలినప్పుడు ‘తాత్కాలిక వేళాపట్టి’ అంటారు, తర్వాత ‘అంతిమ వేళాపట్టి’ వస్తుంది. తెలుగులో తాత్కాలికం అంటే కొన్నాళ్లు మాత్రం ఉండేది. తాత్కాలిక వంతెన, తాత్కాలిక ఉద్యోగం అంటాం. టెంటేటివ్ టైం టేబుల్ కొన్నాళ్లు ఉండి పోయేది కాదు, మార్పులు చేయడానికి వీలుగా ముందు చూపించేది. దానికి మన దగ్గర మంచి మాటే ఉంది. ఓటర్ల జాబితా విషయంలో ‘ముసాయిదా జాబితా’, ‘తుది జాబితా’ అని పత్రికల్లో రోజూ రాస్తున్నారు. ముసాయిదా కూడా పరాయి మాటే. కానీ పని చేస్తోంది. ‘ముసాయిదా టైం టేబుల్’ అంటే ఇంకా మారవచ్చని ఎవరికైనా తెలుస్తుంది. అలాగే ‘ఐ యామ్ థింకింగ్ ఆఫ్ గోయింగ్’కు ‘నేను వెళ్లుట గురించి ఆలోచించుచున్నాను’ అని తర్జుమా చేసి, ఇదే తెలుగు అంటే ఏ పిల్లవాడైనా ‘మేబీ’ దగ్గరికే పారిపోతాడు. మా అవ్వ అలా ఎప్పుడూ అనలేదు. ‘పోదామని ఉండా’ అంటుంది, అంతే.

చివరిగా, మనం చేయగలిగిన పని చిన్నదే. ‘ప్లాన్’ మానేయక్కర్లేదు, ‘వెయిటింగ్ లిస్టు’ హాస్యం కూడా ఉంచుకుందాం. ‘మేబీ’, ‘మోస్ట్లీ’, ‘ట్రై చేస్తా’ నోటి చివరికి వచ్చినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగి, నాకు కోరిక ఉందా, ఆలోచన ఉందా, అడ్డం ఉందా, అసలు ఇష్టమే లేదా అని చూసుకుందాం. ఏది ఉందో దానికి సరిపోయే తోక మన భాషలో సిద్ధంగా ఉంది. క్లాసులో ఎవరి యాసలో ఆ తోక వచ్చినా నవ్వకపోవడం మన రెండో పని. మైనారిటీ భాషల వాళ్లు తమ బడులు తాము నడుపుకునే హక్కును రాజ్యాంగం 30వ అధికరణంలో ఇచ్చింది. ఆ హక్కు వల్లే ఈ ఊళ్లో మనకు తెలుగు బడి ఉంది, ఈ పత్రిక ఉంది. ‘వస్తానేమో’లోని ‘ఏమో’ను కాపాడే అధికరణం మాత్రం ఎక్కడా లేదు. దాన్ని మనమే రోజూ వాడుకోవాలి. ఈసారి ఊరి నుంచి ఫోన్ వచ్చి పండక్కి వస్తున్నారా అని అడిగితే, రాగలిగితే వస్తామనీ, రాలేకపోతే రాలేమనీ, తెలియకపోతే తెలియదనీ వాళ్లకు అర్థమయ్యేలా చెబుదాం. అవతలి వాళ్లు పిండి కొట్టించాలో వద్దో తేల్చుకునేది మన ఆ ఒక్క మాట మీదే.